‘తప్ప’ గారికి, కావలి నుంచి

తప్ప గారూ, నమస్కారం.

నేను కావలి పక్క పల్లెటూరి వాడిని. మీరు నన్ను ఎరగరు గానీ, మిమ్మల్ని మా ఇంట్లో రోజూ తలుచుకుంటున్నాం. ఉండేది రెండక్షరాలు, చేసే పని మాత్రం ఒక పెద్ద ఆఫీసు చేసేంత.

రాజ్యాంగంలో 21వ అధికరణ చదువుతుంటే ముందు ఛాతీ పొంగుతుంది. ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదు అనుకుంటూ పోతామా, మధ్యలో మీరు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటారు, చట్టం ఏర్పరచిన పద్ధతిలో తప్ప అని. 300ఏలో ఆస్తి సంగతీ అంతే, చట్టం అధికారంతో తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదట. పిల్లవాడు బంగారం, తాగినప్పుడు తప్ప అని పెళ్లి సంబంధం చెప్పినట్టుంది.

చెల్లి పెళ్లికని అరెకరం మెట్ట అమ్ముదామని అమ్మా నేనూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయాం. మా తాత నాటి నుంచీ మా సాగులో ఉన్న పొలం. సర్వే నంబరు కొట్టి చూసి అక్కడి ఉద్యోగి 22ఏ అన్నాడు, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా. బ్రిటిష్ వాళ్ల నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరుండాల్సిన గడిలో చుక్కలున్నాయట. పేరు తెలియకో, ఎండకు విసుగు పుట్టో, ఎవడో మహానుభావుడు మూడు చుక్కలు పెట్టి పక్క గడిలోకి పోయాడు. 2023లో మా కావలిలోనే సభ పెట్టి చుక్కల భూములకు విముక్తి అన్నారు, మాది తప్ప అని మాకు తెలియలేదు.

‘‘అయితే పొలం మాది కాదా నాయనా?’’ అంది అమ్మ.

‘‘మీదేనమ్మా, ఎవరు కాదన్నారు? అమ్మడం తప్ప ఏమైనా చేసుకోండి.’’

అప్పుడు కూర్చుని మీ జాతకం తిరగేశాను. మొదట 21 కోసం అమెరికా వాళ్ల ‘డ్యూ ప్రాసెస్’, అంటే పద్ధతి న్యాయంగా ఉండాలనే మాటే అనుకున్నారట. రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా పోయి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చాక అది పోయి, జపాన్ రాజ్యాంగం తరహాలో ఇప్పుడున్న ‘చట్టం ఏర్పరచిన పద్ధతి’ మాట వచ్చింది. 1950లో, నిర్బంధంలో పెట్టిన కమ్యూనిస్టు నేత గోపాలన్ కేసులో చట్టం ఒకటుంటే చాలు, అది న్యాయమైనదా కాదా అని మేం చూడం అన్నంత పని చేశారు సుప్రీంకోర్టు జడ్జీలు. 1976లో ఎమర్జెన్సీలో జనాన్ని లోపలేస్తే నలుగురు జడ్జీలు సర్కారు వైపు నిలబడ్డారు, ఖన్నా గారొక్కరే కుదరదన్నారు, ఆయనకు రావాల్సిన చీఫ్ జస్టిస్ కుర్చీ పోయింది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో గానీ మీ కొమ్ములు విరగలేదు, పద్ధతి న్యాయంగా ఉండాలన్నారు. హమ్మయ్య అనుకునేలోపు, అదే ఏడు 44వ సవరణ తెచ్చారు. ఎమర్జెన్సీలో కూడా 21ని ఆపడానికి లేదని ఒక చేత్తో రాసి, రెండో చేత్తో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఏ పేరుతో మీ ఒళ్లో పెట్టారు. మా తాత ఆస్తి హక్కు కోసం కొట్లాడిన స్వతంత్ర పార్టీ మనిషి, ఆ పార్టీ నేత ఎన్.జి.రంగా గారి మీటింగంటే సైకిలేసుకుని పోయేవాడు. అప్పటికి బతికుంటే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

వెంకటగిరి వైపు మా మామ ఒకాయన ఎర్రజెండా మనిషి. ‘‘ఆ తప్ప లేకపోతే రాజావారి జమీందారీ పోయేదా అల్లుడా, ఇంకా శిస్తు మోసుకుపోతా ఉండేవాళ్లం’’ అంటాడు. నిజమే, ఆయనతో నేను వాదించను. కానీ మీరు రాజావారి దగ్గరికి పోయినప్పుడు ఎట్లా పోయారు? 1948లో మద్రాసు అసెంబ్లీ చట్టం చేసింది, పరిహారం లెక్క గట్టారు, 1951లో ఆ చట్టాన్ని కోర్టులు కదిలించకుండా తొమ్మిదో షెడ్యూల్లో దాచారు. అంత మేళతాళాలతో వెళ్లారే, మరి మా అమ్మ అరెకరం దగ్గరికి మూడు చుక్కలు పట్టుకుని వస్తారా? మాదీ భూమే కదండీ, మాకూ ఒక చట్టం, ఒక నోటీసు ఏడవొచ్చుగా.

ముహూర్తం మాఘంలో పెట్టుకున్నాం. అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది, రసీదు తప్ప ఏమీ రాలేదు.