ఉగాది దాకా గొడ్డలి ఆగాలి

వానలు ముదిరేకొద్దీ వేపకొమ్మల చివళ్లు మాడతాయి. కార్తీకం వచ్చేసరికి చెట్టంతా సెగ తగిలినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ దృశ్యం కొన్నేళ్లుగా మనకు అలవాటైపోయింది. దానితోపాటే ఇంకొకటీ అలవాటవుతోంది: చెట్లు ఎండిపోయాయి కాబట్టి కొట్టి అమ్మేద్దామన్న తొందర. చెరువు కట్టలు, రోడ్డు పక్కలు, పోరంబోకు భూములు, అడవి అంచున నాటిన తోపులు అన్నింటికీ ఇదే మాట. ఎండిన చెట్టును కొట్టొద్దని మేము అనడం లేదు. ఏది ఎండిందో తేలకముందే వేలం పెట్టొద్దంటున్నాం.

ఈ తెగులుకు కారణం ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. టీ దోమ అనే నల్లిజాతి పురుగు లేత చిగుళ్ల రసం పీల్చిన చోట గాయాలు పడతాయి, ఆ రెమ్మల్లోకి తెగులు సులువుగా దిగుతుంది. కొమ్మ చివర మొదలై కిందికి పాకుతుంది. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు ఒక్కసారిగా మాడినప్పుడు ఊళ్లకు ఊళ్లే భయపడ్డాయి. కానీ ఆ చెట్లలో చాలావాటికి మాఘ ఫాల్గుణాల్లో మళ్లీ చిగురొచ్చింది. తెగులు రెమ్మల్లో ఉంటుంది, మానులోని చేవను అంత తేలిగ్గా ముట్టుకోదు. అందుకే నవంబరులో చచ్చినట్టు కనిపించిన చెట్టు మార్చిలో పూత పూయవచ్చు. ఉగాది పచ్చడికి పువ్వు దొరికే వేళ దాటితేగానీ ఈ చెట్టు విషయంలో ఎవరూ తీర్పు చెప్పలేరు.

కాబట్టి లెక్క రెండుసార్లు జరగాలి. మొదటిది అక్టోబరు, నవంబరుల్లో. తెగులు సోకిన ప్రతి చెట్టుకూ నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున రంగుతో నంబరు వేసి, అక్కడే చుట్టుకొలత తీసి, కొమ్మల్లో ఎంత భాగం మాడిందో రిజిస్టరులో రాయాలి. రెండోది ఉగాది వెళ్లిన రెండు వారాల్లోపు, అవే నంబర్ల మీద. చిగురు వచ్చిందా, వస్తే కొమ్మల చివరనా, మాను మీదనా అన్నది చూడాలి. ఎక్కడా చిగురు లేకపోతే ఛాతీ ఎత్తునా, మాను మొదలు దగ్గరా నాలుగు వైపులా కత్తిమొనతో బెరడు గీకాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, ఆ చెట్టుకు ఇంకో ఏడాది గడువివ్వాలి. నాలుగు వైపులా గోధుమరంగులో పొడిగా రాలితేనే కొట్టే జాబితాలోకి ఎక్కించాలి. ఒకవైపే గీకి రాసేసిన రిజిస్టరుకు విలువ లేదు. ఎండ తగిలే పడమటి వైపు బెరడు చచ్చి, తూర్పు వైపు బతికి ఉన్న మానులు ఉంటాయి. తిరుపతి ఎస్వీ వ్యవసాయ కళాశాల తెగుళ్ల నిపుణులను రెండో లెక్కలో కూర్చోబెడితే వాదనలు తగ్గుతాయి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒక తోపును గుత్తగా, నిలువు చెట్ల లెక్కన అమ్మితే కొనేవాడి కన్ను లావు మాను మీదే ఉంటుంది. తెగులు ఏమో లావూ వయసూ చూడకుండా ఏ చెట్టునైనా పడుతుంది. చివరకు ఎండినవి నిలబడి ఉంటాయి, పచ్చివి లారీ ఎక్కుతాయి. కొట్టిన తర్వాత మొదలు చూసి ఇది ఎండిందా పచ్చిదా అని తేల్చడం కష్టం. అందుకే నంబరుతో పాటు, రంపం పడే గీతకు కింద, నేలలో మిగిలే మొదలు మీద కూడా సుత్తి ముద్ర వేయాలి. ముద్ర లేని మొదలు ఒక్కటి కనబడినా ఆ లాటు మొత్తం ఆపాలి. అసలు నిలువు అమ్మకమే మానుకుని, అటవీశాఖే కొట్టించి డిపోలో దుంగల్ని కొలిచి వేలం వేయడం మేలు. కొలతకు నాలుగో వంతు చుట్టుకొలత సూత్రం ఉంది, చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించాలి: 120 సెంటీమీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవున్న దుంగ 0.27 ఘనపు మీటర్లు, అంటే దాదాపు తొమ్మిదిన్నర ఘనపుటడుగులు. పుచ్చుకు, డొల్లకు తీసివేత ఎంతో దుంగ మీదే రాస్తే బేరంలో గొడవ ఉండదు.

ఆలస్యమూ నష్టమే, అది కూడా చెప్పాలి. నిజంగా చచ్చిన మానులో చేవ చుట్టూ ఉన్న తెల్లభాగానికి వానలు పడ్డ కొద్ది నెలల్లోనే మచ్చ పడుతుంది, పుచ్చు పడుతుంది, ఎండకు నిలువునా పగుళ్లు వస్తాయి. ఏప్రిల్‌లో తేలిన చెట్టు మే నెలాఖరుకు డిపో చేరాలి. ఫైలు బల్లల మీద తిరిగి తిరిగి దసరాకు అనుమతి వస్తే తలుపుకు పనికొచ్చే కర్ర వంటచెరుకు ధరకు పోతుంది. పట్టా భూమిలో అయితే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, రవాణా పర్మిట్ రెండూ కావాలి. ఎర్రచందనం పుట్టిన ఈ నేలలో పర్మిట్ లేని లారీకి వేపదుంగ అయినా ముందుకు కదిలే దారి లేదు, ఉండకూడదు కూడా. రిజర్వు అడవిలో సంగతి వేరు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్‌లో, అంటే ఆ అడవి నిర్వహణ ప్రణాళికలో, లేని నరికివేత కుదరదు. శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కులో, కౌండిన్య అభయారణ్యంలో ఎండిన చెట్టు ఉండాల్సింది అక్కడే. చిలకలకు, పైడికంటెలనే చిన్న గుడ్లగూబలకు తొర్రలు ఆ మానుల్లోనే.

కొట్టడంలో ప్రమాదం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. ఎండిన చెట్టు పచ్చిచెట్టులా పడదు. పడేవైపు గాటు మాను మందంలో నాలుగో వంతు పెట్టి, వెనకవైపు రంపం వేసేటప్పుడు మధ్యలో పదో వంతు పట్టీ వదులుతారు. ఆ పట్టీ వంగుతూ చెట్టును దారిలో పెట్టాలి. ఎండు పీచు వంగదు, పుటుక్కున తెగుతుంది, చెట్టు పక్కకు తిరుగుతుంది. వెనక గాటులో ఇనుప చీల దిగ్గొడితే ఆ అదురుకు పైనున్న ఎండు కొమ్మ రాలి కింద మనిషి నెత్తిన పడుతుంది. కాబట్టి ఎండిన మాను మీదికి మనిషిని ఎక్కించకూడదు, చీలతో అదరగొట్టకూడదు. దూరంనుంచి తాడుతోనో యంత్రంతోనో లాగించాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో రంపం మనిషి తప్ప ఇంకెవరూ ఉండకూడదు. హెల్మెట్ లేకుండా, కాళ్లకు హవాయి చెప్పులతో చైన్‌సా పట్టించే కాంట్రాక్టరుకు లాటు ఇవ్వకపోవడం అధికారుల చేతిలో పనే. బస్టాపు మీదికి, బడి మీదికి వాలిన ఎండు కొమ్మల విషయంలో మాత్రం ఉగాది దాకా ఆగనక్కర్లేదు. ఆ కొమ్మలను వెంటనే తీసేయాలి, మానును ఉంచాలి.

మిగిలేది చెత్త. ఏప్రిల్, మే అంటే కొండలకు మంటల కాలం. 2014 మార్చిలో శేషాచలం అంటుకుంటే వాయుసేన హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. కొట్టిన చోటే రెమ్మలు పోగేసి నిప్పు పెట్టడాన్ని అడవి అంచు ఊళ్లలో పూర్తిగా నిషేధించాలి. మణికట్టు కన్నా లావున్న కొమ్మలు అదే వారం వంటచెరుకుగా కదలాలి. తెగులు దాగే సన్న రెమ్మలను గోతిలో వేసి మట్టి కప్పాలి. కాంట్రాక్టరు బిల్లు మంజూరుకు ఇది కూడా షరతు కావాలి, లేకపోతే జరగదు.

చివరిగా విత్తనం. ఐరోపాలో ఆష్ చెట్లకు వచ్చిన ఎండు తెగులును 1992లో పోలండ్‌లో గమనించారు. తట్టుకునే చెట్లు కొద్దిగా ఉన్నా, ముందుజాగ్రత్త పేరుతో తోపులు తోపులే కొట్టేస్తే అవీ పోతాయని అక్కడి అటవీ నిపుణులు హెచ్చరించారు. మనకు వేప విషయంలో అదే జరగకూడదంటే రెండు లెక్కల్లోనూ పెద్దగా మాడని చెట్లకు వేరే రంగు వేసి, వాటి పళ్లనే జూన్, జులైల్లో ఏరాలి. ఈ శిలీంధ్రం విత్తనంతోనూ వస్తుంది గనుక రాలి కుళ్లినవి వద్దు. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, శిలీంధ్రనాశని పట్టించి రెండు వారాల్లోపు నర్సరీ సంచుల్లో వేయాలి. వేపగింజ మొలకశక్తి త్వరగా తగ్గిపోతుంది.