డిస్‌ప్లే వచ్చింది, ఇక దయచేయండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్ మొదలుకొని జిల్లా కేంద్రంలో బస్టాండు పక్క సందు దాకా, అసెంబుల్డ్ కంప్యూటర్లు అమ్మే దుకాణాలన్నిటికీ మహావాక్యం ఒక్కటే: "డిస్‌ప్లే వచ్చింది సార్." అది చెవిన పడ్డాక ఇంకా సందేహించేవాడు నాస్తికుడు. అరవై డెబ్బై వేలు పోసి కొన్న విడిభాగాలను గంటలో బిగించి, మీట నొక్కగానే తెర వెలిగిందంటే యంత్రానికి సంపూర్ణ ఆరోగ్య ధ్రువపత్రం జారీ అయినట్టే.

పరీక్ష చేయకుండా ఇస్తారని అపోహ పడకండి. పరీక్ష ఉంది. దుకాణంలోని నిపుణుడు మౌసు అందుకుంటాడు. ఖాళీ డెస్క్‌టాప్ మీద కుడి మీట నొక్కుతాడు. ఒక చిన్న జాబితా తెరుచుకుంటుంది. అందులో రిఫ్రెష్ నొక్కుతాడు. తెర మీది బొమ్మలు ఒక్క క్షణం అదిరి మళ్ళీ కుదురుకుంటాయి. మళ్ళీ కుడి మీట, మళ్ళీ రిఫ్రెష్. క్రమంగా వేగం పుంజుకుంటుంది. చూపు తెర మీద ఉండదు, ఎక్కడో శూన్యంలో ఉంటుంది. వేలు మాత్రం ఆగదు. గల్లా దగ్గర యజమాని గంభీరంగా తల పంకిస్తాడు. డబ్బు కట్టినవారూ తల పంకిస్తారు. పంకించకపోతే ఏమీ తెలియనివాళ్ళమని బయటపడుతుందేమోనని బెంగ. జపం ఒక కొలిక్కి వచ్చాక పూర్ణాహుతిగా కీబోర్డు మీద అదే రిఫ్రెష్ పని చేసే ఎఫ్5 మీట టకటకమంటుంది. "చూశారా సార్, స్పీడు!"

చూశాం. రిఫ్రెష్ నొక్కితే డెస్క్‌టాప్ మీది బొమ్మలను విండోస్ మరోసారి గీస్తుంది, అంతే. మెమరీ శుభ్రపడదు, ప్రాసెసర్‌కు ఊపిరి అందదు, డిస్కులో లోపముంటే బయటపడదు. విండోస్ 95 నాటి డబ్బా కూడా ఆ పని నిక్షేపంగా చేసేది.

ఆ తర్వాత యూట్యూబ్‌లో ఒక పాట. పాట వచ్చింది కనుక తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు బాగున్నట్టు. మానిటరు కేబులు గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించి ఉందనీ, ముప్పై వేలు పెట్టిన కార్డుకు ఆ పాటతో ఏ సంబంధమూ లేదనీ ఎవరూ వంగి చూడరు. వంగితే ఫ్యాన్లలో తిరిగే రంగుదీపాల ఇంద్రధనుస్సు కనబడకుండా పోతుంది మరి.

డిస్‌ప్లే సిద్ధాంతానికి ఘనమైన అంతర్జాతీయ చరిత్ర కూడా ఉంది. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేసుకుంటూ, ఇంటెల్ కంపెనీ వారి పెంటియమ్ చిప్పుతో నడిచే తన యంత్రం భాగహారంలో తప్పుతోందని పట్టుకున్నాడు. ఆ చిప్పుల మీద 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావలసింది 1.33374 వచ్చేది. డిస్‌ప్లే మాత్రం దివ్యంగా వచ్చేది! సామాన్య వినియోగదారుకు ఇలాంటి తప్పు 27,000 ఏళ్ళకు ఒకసారి ఎదురవుతుందని ఇంటెల్ మొదట ఓదార్చింది. చివరికి చిప్పులు మార్చి ఇవ్వడానికి 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకోవలసి వచ్చింది. ఆచార్యులవారు లెక్కలు మాని నాలుగుసార్లు రిఫ్రెష్ నొక్కి ఊరుకుని ఉంటే ఆ డబ్బంతా మిగిలేది కదా.

నిజంగా చూడదలచుకుంటే చూడవలసినవి ఉన్నాయి. మెమరీ పెట్టె మీద వేగం 6000 అని మెరుస్తూ ఉంటుంది. విండోస్ కంటే ముందే లేచే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి, మెమరీని ఆ వేగానికి ఎక్కించే ఎక్స్‌పో గాని ఎక్స్‌ఎంపీ గాని ఆన్ చేయకపోతే ఆ డీడీఆర్5 రకం మెమరీ సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది. 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుందని కొన్న మానిటరును సెట్టింగుల్లో మార్చకపోతే అది చాలాసార్లు 60 దగ్గరే ఆగిపోతుంది. వేడిని లాగేసే కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను ఒలవకుండానే ప్రాసెసర్ మీద బిగించేసే మహానుభావులూ ఉన్నారు. ప్రాసెసర్‌కు చెమటలు పట్టించే ప్రైమ్95 ప్రోగ్రాము నడుపుతూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే మరో ప్రోగ్రాములో ఉష్ణోగ్రత చూస్తే ఆ నిర్వాకం నిమిషాల్లో తేలిపోతుంది. కొత్తదని అంటగట్టిన డిస్కు అంతకుముందు ఎన్ని గంటలు ఎవరికి సేవ చేసి వచ్చిందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము చాలావరకు చెప్పేస్తుంది. మెమరీకైతే మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్ ప్రమేయం లేకుండా యంత్రాన్ని దానితోనే బూట్ చేసి, రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి ఒక్క తప్పు కనబడినా ఆ మెమరీని నమ్మడానికి లేదు. ఈ ప్రోగ్రాములన్నీ ఉచితంగా దొరికేవే. దుకాణంలో అడిగి చూడండి. "రాత్రంతానా?" అంటూ, కిడ్నీ అడిగినట్టు చూస్తారు.

ఇక యంత్రం ఇంటికి వస్తుంది. బొట్టు పెడతారు, హారతిస్తారు, అంతా సవ్యంగానే ఉంటుంది. ఒక రోజు క్యాబినెట్‌కు, అదే ఆ ఇనుప డబ్బాకు, చెయ్యి తగిలితే జివ్వుమంటుంది. దుకాణానికి ఫోను చేస్తే వచ్చే సమాధానం ఊరూరా ఒకటే: "చెప్పులు వేసుకుని వాడండి సార్, ఏమీ కాదు."

చెప్పులు! యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపలి వడపోత కెపాసిటర్లు క్యాబినెట్ లోహానికి కలిపి ఉంటాయి. వాటి నుంచి లీకయ్యే కాస్త కరెంటు ప్లగ్గు మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాలి. మన అద్దె ఇళ్ళలో గోడకు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. అప్పుడు 230 వోల్టుల్లో ఇంచుమించు సగం ఆ డబ్బా మీదే తేలుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు తీగ ఆ ఇనుముకు తగిలిన రోజున సగం కాదు, మొత్తం 230 వోల్టులూ అక్కడే ఉంటాయి. ఆ బల్ల కింద ఉత్త కాళ్ళు చాపుకుని కూర్చునేది పదో తరగతి చదివే పిల్ల. "ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్తు చూపించుకోండి" అని ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగం? చెప్పకపోగా, మూడు పిన్నుల ప్లగ్గు గోడకు పట్టడం లేదంటే రెండు పిన్నుల అడాప్టరు ఉచితంగా చేతిలో పెట్టి పంపుతారు. ఉన్న ఒక్క రక్షణనూ పీకి పారేసి, దానికి సేవ అని పేరు. ఇది అజ్ఞానం కాదు, లెక్కలేనితనం. తన పిల్ల కూర్చునే బల్ల కింద అదే డబ్బా ఉంటే ఆ యజమాని చెప్పుల సలహా ఇచ్చి నిద్రపోగలడా?

బిల్లు అడుగున నీలి ముద్ర సంగతి సరేసరి: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆ కబురు రబ్బరు ముద్రకు ఇంకా అందలేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, తెలుగులోనే దులిపేయవచ్చు. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందన్న మాటకు మురిసిపోయి తెల్లకాగితం మీద రాయించుకుని వచ్చిన గడుసువాళ్ళు మాత్రం ఆ నంబరుకు ఫోను చేసి ఎవరి మీద ఫిర్యాదు చేస్తారో వాళ్ళే తేల్చుకోవాలి. ఆ కాగితం మీద దుకాణం పేరైనా ఉండదు.