ఈఎంఐ పేరుతో పాప డబ్బు తగ్గించకండి

విడిపోయాక ఇంటి లోన్ కడుతున్న తండ్రికి పిల్లల భరణంలో ఆ మేరకు తగ్గింపు ఇవ్వాలని మీ వ్యాసంలో రాశారు. నేనూ అలాంటి తండ్రినే, అయినా ఒప్పుకోలేను.

నిజాంపేటలో మాకో ఫ్లాట్ ఉంది. లోన్ ఇద్దరి పేరు మీదా ఉంది, ఈఎంఐ 34 వేలు. విడిగా ఉండటం మొదలైన కొత్తలో మీరన్నట్టే లెక్కేసి పాపకు పంపేది సగం చేశాను. స్కూల్ వ్యాన్ మాన్పించి, వాళ్ల అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో రోజూ సిటీ బస్సులో తీసుకెళ్తోందని మూడు నెలలకు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2020లో రజనీష్, నేహా అనే భరణం కేసులో సుప్రీంకోర్టు భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని, భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది. ఈఎంఐ అందులో చూపించవచ్చు. కానీ కట్టేకొద్దీ ఫ్లాట్ మనకు ఆస్తిగా మిగులుతుంది. పాప ఈ ఏడాది ఫీజు, పాలు, మందులు వచ్చే ఏడాదికి వాయిదా వేయలేం కదా!

అలాగని ఈఎంఐ ఎగ్గొట్టినా కష్టమే. జాయింట్ లోన్ అయితే మన గొడవలతో బ్యాంకుకు సంబంధం లేదు, అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే సిబిల్ స్కోరు ఇద్దరికీ పడిపోతుంది. మేమిద్దరం మాట్లాడుకుని ఫ్లాట్ 18 వేలకు అద్దెకిచ్చాం, మిగతా 16 వేలు నేను వేస్తున్నాను. కేపీహెచ్‌బీలో చిన్న గదికి మారాను. జీతం పడగానే ముందు పాప డబ్బే పంపుతున్నాను. ఇప్పుడు మళ్లీ వ్యాన్‌లోనే వెళ్తోంది.