ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంప్ ఆన్ చేయడం ప్రతి విమానానికీ నియమం కాదు

చిన్న విమానం ఏదైనా సరే, ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంప్ ఆన్ చేశాకే స్టార్టర్ తిప్పాలనీ, దానివల్ల ప్రైమింగ్ (స్టార్ట్‌కు ముందు సిలిండర్లకు కొంత ఇంధనం పంపడం) దానంతట అదే జరుగుతుందనీ, వేడి ఇంజిన్ సైతం వెంటనే అందుకుంటుందనీ, ఇంజిన్ పంప్‌పై (ఇంజినే తిప్పే ఇంధన పంప్‌పై) భారం తగ్గుతుందనీ ఒక సలహా శిక్షణ పొందుతున్న పైలట్ల మధ్య విరివిగా తిరుగుతోంది.

‘ఏదైనా సరే’ అన్న మాటే ముందుగా నిలవదు. కార్బురేటర్ (ఇంధనాన్ని గాలితో కలిపే భాగం) గల సెస్నా 172లలో సాధారణంగా ఎలక్ట్రిక్ పంపే ఉండదు. ట్యాంకులు ఇంజిన్ కన్నా ఎత్తున, రెక్కల్లో ఉంటాయి కనుక ఇంధనం తన బరువుతోనే కిందికి దిగుతుంది. రెక్కలు కింద ఉండే పైపర్ చెరోకీ తరహా విమానాల్లో మాత్రం ఇంధనాన్ని పైకి లాగాలి కాబట్టి, స్టార్ట్ చెక్‌లిస్టులో పంప్ ఆన్ చేయమనే ఉంటుంది. ఈ సలహా ఇచ్చినవారు బహుశా వాటి మీదే నేర్చుకుని ఉంటారు.

అక్కడ కూడా పంప్ ప్రైమింగ్ చేయదు. కార్బురేటర్‌లో ఇంధనం నిర్ణీత మట్టానికి చేరగానే ఫ్లోట్ లేచి నీడిల్ వాల్వ్‌ను మూసేస్తుంది. ఆపైన పంప్ ఎంతసేపు టకటకలాడినా, వాల్వ్ సరిగా ఉన్నంతవరకు, సిలిండర్లకు అదనంగా ఏమీ వెళ్లదు. చల్లటి ఇంజిన్‌కు ఆ పని ప్రైమరో, థ్రాటిల్ కదిపినప్పుడు పనిచేసే యాక్సిలరేటర్ పంపో చేయాలి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ పంప్ నడుస్తూ మిక్స్చర్ లివర్ (ఇంధనం, గాలి పాళ్లను మార్చేది) ముందుకు ఉంటే, ఇంజిన్ తిరగకపోయినా ఇంధనం నేరుగా ఇన్‌టేక్ పోర్టుల్లో, అంటే సిలిండర్లలోకి వెళ్లే దారుల్లో, పడుతూనే ఉంటుంది. అందుకే ఇంజెక్షన్ ఇంజిన్ గల సెస్నా 172ఎస్ హ్యాండ్‌బుక్, ఫ్యూయల్ ఫ్లో నిలకడగా కనిపించే వరకు, అంటే సుమారు 3 నుంచి 5 సెకన్లు మాత్రమే మిక్స్చర్‌ను ముందుకు ఉంచి, మళ్లీ ఐడిల్ కటాఫ్‌కు (ఇంధనం ఆగిపోయే స్థానానికి) లాగాకే స్టార్టర్ తిప్పమంటుంది. ఆ హద్దు దాటితే ఇంధనం మరీ ఎక్కువై ఇంజిన్ ఫ్లడ్ అవుతుంది. పోర్టుల నుంచి కిందికి కారిన ఇంధనం బ్యాక్‌ఫైర్‌తో అంటుకునే ప్రమాదమూ ఉంది.

వేడి ఇంజిన్ విషయంలో మాత్రం సలహాలో సగం నిజముంది. ఇంజిన్ ఆపాక కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) లోపల పేరుకున్న వేడికి సన్నని ఇంధన గొట్టాల్లో ఆవిరి చేరుతుంది. ట్యాంకుకు తిరుగు గొట్టం ఉన్న కాంటినెంటల్ ఇంజిన్లలో, మిక్స్చర్ కటాఫ్‌లో ఉంచి పంప్ నడిపితే చల్లటి ఇంధనం ఇంజిన్ పంప్ గుండా తిరిగి, ఆవిరిని వెనక్కి తోసేస్తుంది. అలాంటి తిరుగు గొట్టం సాధారణంగా ఉండని లైకమింగ్ ఇంజిన్‌పై అదే కిటుకు ప్రయోగిస్తే, ఇంధనం కటాఫ్ దగ్గరే ఆగిపోతుంది కనుక దక్కేది స్వల్పం. పైగా, ఇంజిన్ వేడిగా ఉంటే ప్రైమింగ్ దశనే వదిలేయమని 172ఎస్ హ్యాండ్‌బుక్ చెబుతుంది.

ఇక భారం తగ్గడమన్నది లెక్కలోకి రాని మాట. ఇంజిన్ పంప్‌ను తిప్పేది ఇంజినే, అందుకు పట్టే శక్తి అత్యల్పం. నిజానికి ఎలక్ట్రిక్ పంప్ ఆన్‌లో ఉన్నంతసేపు ఇంజిన్ పంప్ చెడిపోయినా గేజ్‌లో తెలియకపోవచ్చు. చెరోకీలో స్టార్ట్ అయ్యాక దాన్ని ఆపి, పీడనం 0.5 నుంచి 8 పీఎస్‌ఐ మధ్య నిలుస్తోందో లేదో చూసేది అందుకే.