91వ కీర్తన మీద అక్కాతమ్ముళ్ళ వాదన

యూత్ మీటింగ్‌లో స్టేజ్ మీద ఇద్దరితో చదివిద్దామని రాశాను ఇది. సందర్భం ఏంటంటే, అమ్మ జబ్బు చేసి పోయి ఏడాదైంది, అక్క ఇంకా చర్చికి వెళ్తోంది, తమ్ముడు మానేశాడు. నేను అక్క పక్షమే, ముందే ఒప్పుకుంటున్నా, కానీ రాస్తుంటే తమ్ముడి మాటలే చకచకా వచ్చేశాయి, అక్క దగ్గరే చాలాసార్లు పెన్ను ఆగిపోయింది.

తమ్ముడు: అక్కా, ఒక్కటే అడుగుతా సూటిగా చెప్పు. బైబిల్లో 91వ కీర్తన అమ్మకి కంఠతా వచ్చు కదా, నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు అని రోజూ రెండు పూటలా చదివేది. మరి వచ్చింది కదా తెగులు, సమీపించడం కాదు, గుడారం లోపలికొచ్చి కూర్చుంది.

అక్క: వచ్చింది. కాదని నేనెప్పుడన్నా? కానీ ఆ కీర్తనని నువ్వు పట్టుకున్నట్టే పట్టుకున్నవాడు ఇంకొకడున్నాడు రా. మత్తయి 4లో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారని రాసుంది కదా అన్నాడు, అది ఈ కీర్తనలోదే, 11, 12 వచనాలు. ఆయన దూకలేదు.

తమ్ముడు: బాగుంది, అమ్మ ప్రార్థన చేసుకుంటే సాతానుతో పోలికా!

అక్క: అమ్మని అనట్లేదురా, ఆ వాక్యాన్ని ఇన్సూరెన్స్ పాలసీలా అమ్మ చేతిలో పెట్టినవాళ్ళని అంటున్నా. అదే కీర్తన 15వ వచనం చూడు, శ్రమలో నేనతనికి తోడైయుండెదను అనుంది. శ్రమ రాకపోతే శ్రమలో తోడెందుకు?

తమ్ముడు: తోడుండి ఏం చేశాడు? హాస్పిటల్లో రాత్రిళ్ళు తోడున్నది నువ్వూ నేనూ. యేసు స్నేహితుడు లాజరు సంగతే తీసుకో, అతనికి జబ్బు అని కబురొచ్చాక కూడా యేసు కావాలనే ఇంకో రెండు రోజులు ఉన్నచోటే ఆగాడు, యోహాను 11లో ఉంది, ఈయన వెళ్ళేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులు. డాక్టరెవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

అక్క: లాజరు తోబుట్టువు మార్త కూడా ఊరుకోలేదు. నువ్వు ఇక్కడుంటే నా సహోదరుడు చచ్చిపోయేవాడు కాదు అని ఎదురెళ్ళి మొహం మీదే అంది, తర్వాత ఇంకో తోబుట్టువు మరియ వచ్చి మళ్ళీ అదే మాట అంది, అంటే ఆ నాలుగు రోజులూ అక్కచెల్లెళ్ళు ఇంట్లో ఒకళ్ళతో ఒకళ్ళు అనుకున్న మాట అదే అయ్యుంటుందని నాకనిపిస్తుంది. ఆయన వాళ్ళని కసరలేదు. ఏడ్చాడు.

తమ్ముడు: ఏడ్చి లేపాడు కదా! వాళ్ళకి నాలుగు రోజులు, మనకి ఏడాది. ఇంకోటి, చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల టైంలో మైకు ఎవరికిస్తారు? బాగైపోయినోళ్ళకి. పోయినోళ్ళ పిల్లలు వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టాలి. నేను మానేసింది ఆ చప్పట్ల వల్లే, నీకెప్పుడూ చెప్పలేదు.

అక్క: చెప్పాల్సిందిరా. బైబిల్లో హెబ్రీ పత్రిక రాసినాయన మాత్రం 11వ అధ్యాయంలో అలా మైకు ఇవ్వలేదు, 35వ వచనంలో కొందరు స్త్రీలకి చచ్చిపోయినవాళ్ళు తిరిగి దొరికారు అంటాడు, అదే వచనంలో మళ్ళీ కొందరు యాతన పెట్టబడ్డారు అంటాడు, తర్వాత రంపాలతో కోయబడ్డవాళ్ళూ వస్తారు, అందరిదీ విశ్వాసమే అంటాడు. మీ అమ్మకి విశ్వాసం చాల్లేదేమో అని మనింటికొచ్చి చెప్పినవాళ్ళు ఆ సగం చదివుండరు.

తమ్ముడు: వాళ్ళని వదిలెయ్. ఆస్తీ పిల్లలూ అన్నీ పోగొట్టుకున్న యోబుని చెప్పు. గొర్రెలు 7,000 పోతే దేవుడు 14,000 ఇచ్చాడు, ఒంటెలు 3,000 పోతే 6,000, అన్నీ డబుల్, పిల్లలు మాత్రం పదిమంది పోతే మళ్ళీ పదిమందే. ఆ మొదటి పదిమంది సంగతేంటి? కొత్త పిల్లలు పుడితే పాతవాళ్ళ లెక్క సరిపోయినట్టేనా?

అక్క: సరిపోదు. ముందు పదిమంది దేవుడి దగ్గర బతికే ఉన్నారు కాబట్టి మొత్తం ఇరవై, అదీ డబులే అని చెప్తుంటారు, నేనూ సండే స్కూల్లో అలాగే చెప్పేదాన్ని, అమ్మ పోయాక నోరు రావట్లేదు. నాకు యోబులో పనికొచ్చింది లెక్క కాదు. ఓదార్చడానికొచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు చూడు, అక్కడిదాకా బానే ఉన్నారు, నోరు తెరిచాకే పాడుచేశారు, నువ్వేదో పాపం చేసుంటావ్ అని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. చివర్న దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. అరిచి నిలదీసిన యోబునేమో నా గురించి యుక్తంగా మాట్లాడాడు అన్నాడు, 42వ అధ్యాయం.

తమ్ముడు: మరి నన్నెందుకు నోర్ముయ్యమంటున్నావ్?

అక్క: నేనా? అరవమనే అంటున్నా. కాకపోతే ఏడాదిగా నా మీద అరుస్తున్నావ్, ఆయన మీద అరువు.

(ఇక్కడ అక్క గెలిచిందని నేను పెన్ను పక్కన పెట్టేశా. రెండ్రోజులయ్యాక చదివితే తమ్ముడు ఇంకా అడగాల్సింది అడగనే లేదనిపించింది.)

తమ్ముడు: అరిచా అక్కా. జవాబు రాలేదు. అపొస్తలుడు పౌలుకైనా వచ్చింది, ఒంట్లో ముల్లులా ఉన్న బాధ తీసెయ్యమని మూడుసార్లు బతిమాలితే నా కృప నీకు చాలును అన్నాడు, కాదు అన్న మాటే అయినా మాటంటూ వచ్చింది. సరే, నమ్మినా పోతారు, నమ్మకపోయినా పోతారు, మరి నమ్మడంలో తేడా ఏంటి?

అక్క: నువ్వు మోయలేనంత దేవుడు ఇవ్వడు అని చెప్పను, భయపడకు. ఆ మాట మొదటి కొరింథీ 10లో శోధన గురించి, అంటే పాపంలోకి లాగే ప్రలోభం గురించి ఉంది, కష్టాల గురించి కాదు, పైగా అదే పౌలు రెండో కొరింథీ మొదట్లోనే మా శక్తికి మించిన భారంతో కుంగిపోయాం, బతుకుతామనే ఆశ లేకపోయింది అని రాసుకున్నాడు. తేడా ఏంటంటే... దానియేలు 3లో రాజు తన ప్రతిమకి మొక్కకపోతే మంటల్లో వేయిస్తానంటే ఆ ముగ్గురు మా దేవుడు రక్షించగలడు అన్నారు, వెంటనే, రక్షించకపోయినా సరే నీ ప్రతిమకి మొక్కం అన్నారు. ఫలితం తెలిసి కాదు. అమ్మ అలా ఉండేది.

తమ్ముడు: లేదక్కా. అమ్మ బైబిల్ నా దగ్గరే ఉంది. 91వ కీర్తన పదో వచనం పక్కన పెన్సిల్‌తో క్వశ్చన్ మార్క్ ఉంది, గట్టిగా నొక్కి పెట్టింది, వెనక పేజీలో వేలికి తగులుతుంది.

అక్క: తెలుసు. నా ముందే పెట్టింది.

తమ్ముడు: ఏంటి?

అక్క: రిపోర్ట్ వచ్చిన రోజు రాత్రి. పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత 88 తియ్యి అంది. చీకటియే నాకు బంధువర్గమాయెను అని ఆగిపోతుందే, ఆ తర్వాత ఓదార్పు ఒక్క లైను కూడా ఉండదు, ఆ కీర్తన. చదివితే, ఇదీ ప్రార్థనేనా అంది. ప్రార్థనే అమ్మా, బైబిల్లోనే పెట్టారు కదా అన్నా. అప్పట్నుంచి రిబ్బన్ అక్కడే ఉంచింది, చూసుకో.

తమ్ముడు: ...రిబ్బన్ ఎక్కడుందో చూడలేదు.

అక్క: ఆదివారం ఆ బైబిల్ తీసుకురా, నేను చదువుకుంటా.

తమ్ముడు: నాకివ్వాలని లేదు. చదవడానికని కాదు, ఊరికే ఉంచుకుంటా.

అక్క: చదవమని నేనన్నానా?