స్కోరు పట్టికకు అందని శ్రమ అభిమానుల కంటికి అందుతోంది

ఐర్లండ్ సంప్రదాయ క్రీడ హర్లింగ్. 2024 జులై 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో జరిగిన ఆల్ ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్లో క్లేర్ కౌంటీ జట్టు అదనపు సమయంలో కార్క్‌ను ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడించింది. ఆ రోజు అందరినీ ఆకట్టుకున్న గోల్ కెప్టెన్ టోనీ కెల్లీది. ఏడాది చివర ఉత్తమ హర్లర్ పురస్కారం మాత్రం అదే జట్టులోని షేన్ ఓడానెల్‌ను వరించింది. ఇటీవలి కాలంలో ఆ పురస్కారానికి ఇంతకంటే సరైన ఎంపిక జరగలేదని నా నిశ్చితాభిప్రాయం. ఎందుకంటే ఓడానెల్ ఆటలోని గొప్పతనంలో అధికభాగం అతని పేరు పక్కన నమోదయ్యే పాయింట్లలో కనిపించదు.

హర్లింగ్‌లో జట్టుకు పదిహేను మంది ఉంటారు. చేతిలో ఆష్ అనే చెట్టు కలపతో చేసిన కమాన్ అనే కర్ర, గాలిలో స్లిటర్ అనే చిన్న గట్టి బంతి, గడియారంలో డెబ్బై నిమిషాలు. గోల్ స్తంభాల మధ్య ఉన్న అడ్డుపట్టీ మీదుగా కొడితే ఒక పాయింటు, కింద నుంచి వలలోకి కొడితే గోల్, అంటే మూడు పాయింట్లు. అయితే బంతి ఆ పట్టీ దాకా చేరడానికి ముందు ఒక పని జరగాలి. గోల్‌కీపర్ కొట్టిన బంతి మైదానం మధ్యలో నలుగురైదుగురి కర్రల నడుమ పడుతుంది. ఆ గుంపులోకి దూరి, భుజాలకు తగిలే దెబ్బలను ఓర్చుకుని, బంతిని అరచేత ఒడిసిపట్టి, మీద పడుతున్న ఇద్దరిని తన వైపుకు లాక్కుని, వెనక నుంచి పరుగెత్తుకొస్తున్న సహచరుడికి సరిగ్గా ఆ క్షణంలో అందించేవాడు ఒకడు కావాలి. పాయింటు సహచరుడి పేరున పడుతుంది. క్లేర్ జట్టులో ఆ ఒకడు ఓడానెల్.

ఇది గోల్ కొట్టడం చేతకాని వాడి కథ కాదు కనుకనే దీనికి ఇంత బరువుంది. 2013 ఫైనల్ తిరిగి ఆడవలసి వచ్చినప్పుడు, పందొమ్మిదేళ్ల ఓడానెల్‌కు తుది జట్టులో ఉన్నాడన్న సంగతి మ్యాచ్‌కు కొన్ని గంటల ముందే తెలిసింది. ఆ సాయంత్రం అతడు మూడు గోల్స్, మూడు పాయింట్లు కొట్టి కార్క్‌ను కుప్పకూల్చాడు. ఒక్క రాత్రిలో దేశమంతటికీ తెలిసిన పేరయ్యాడు. ఆ కీర్తిని పట్టుకుని జీవితాంతం గోల్ ముందు నిలబడి బంతి కోసం చెయ్యి చాపినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ తర్వాతి ఏళ్లలో అతడు గోల్‌కు దూరంగా, పెనుగులాట జరిగే చోట ఎక్కువగా కనిపించాడు. 2021లో తలకు తగిలిన తీవ్రమైన దెబ్బతో ఆటకే దూరమవుతాడేమో అన్న పరిస్థితి ఏర్పడింది. కోలుకుని తిరిగొచ్చాక కూడా ఎంచుకున్నది అదే కష్టమైన పనిని. క్లేర్ అభిమానులు అతణ్ని ప్రేమించడానికి మొదటి కారణం ఆ మూడు గోల్స్ అయి ఉండవచ్చు. ఆ ప్రేమను పదకొండేళ్లు నిలబెట్టింది మాత్రం ఈ రెండో జీవితమే.

మ్యాచ్‌లు గెలిపించేది చివరికి గోల్సే కదా, చెమటోడ్చేవాడిని మెచ్చుకోవడం భావోద్వేగమే తప్ప విశ్లేషణ ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. కౌంటీ జట్ల విశ్లేషకులు ఇప్పుడు గెలుచుకున్న బంతులనూ అడ్డుకున్న దెబ్బలనూ కూడా లెక్కిస్తున్నారు కనుక దాగిన శ్రమ అంటూ ఏదీ మిగలలేదనీ అంటారు. లెక్కించడం మంచిదే. అయితే ఆ లెక్కలు శిక్షకుడి కంప్యూటర్లో ఉంటాయి. మర్నాడు పత్రికలో అచ్చయ్యేదీ, పదేళ్ల తర్వాత రికార్డుగా మిగిలేదీ ఎవరు ఎన్ని కొట్టారన్న పట్టికే. పైగా ఎదుటివాడు తనకు భయపడి బంతిని మరో వైపు కొట్టేలా చేసిన ఆటగాడి పనిని ఏ గడిలో రాస్తారు?

పురస్కారాల చరిత్రే ఈ పక్షపాతానికి సాక్ష్యం. 1995లో ఉత్తమ హర్లర్ బ్రయాన్ లోహన్, క్లేర్ ఫుల్ బ్యాక్, అంటే గోల్‌కు కాపుగా నిలిచే డిఫెండర్. 2024లో క్లేర్‌ను గెలిపించిన మేనేజర్ కూడా ఆయనే. 2003లో కిల్‌కెనీ డిఫెండర్ జేజే డెలానీకి, 2009లో అదే జట్టు డిఫెండర్ టామీ వాల్ష్‌కు ఆ గౌరవం దక్కింది. ఆ తర్వాత మరో డిఫెండర్‌కు దక్కడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు అందుకున్న లిమరిక్ ఆటగాడు డియర్మడ్ బర్న్స్ సుదూరం నుంచి పాయింట్లు కొట్టడంలో దిట్ట. ఆయన అర్హతను నేను ప్రశ్నించడం లేదు. డిఫెండర్ సైతం స్కోరు పట్టికలో కనిపిస్తే తప్ప తలుపు తెరుచుకోలేదన్నదే నా వాదన. 1995 నుంచి ఇప్పటిదాకా ఈ జాబితాలో గోల్‌కీపర్ ఒక్కరూ లేరు. ఇప్పుడు ఓటు వేసేది తోటి ఆటగాళ్లేనన్న విషయం దీన్ని మరింత విచారకరం చేస్తుంది.

అభిమానుల జ్ఞాపకం ఇంత ఇరుకైనది కాదు. 2014 ఫైనల్ తిరిగి ఆడినప్పుడు టిప్పరరీ ఆటగాడు షేమస్ కాలనన్ గోల్ ముందు కర్ర ఎత్తాడు. డెలానీ వెనక నుంచి ఒళ్లంతా చాచి, తన కర్రను ఆ కర్రకు తగిలించి దెబ్బను ఆపేశాడు. దీన్ని హుక్ అంటారు. స్కోరు పట్టికలో దానికి సున్నా. కిల్‌కెనీ ఆ మ్యాచ్‌ను మూడు పాయింట్ల తేడాతో గెలిచింది, సరిగ్గా ఒక గోల్ విలువ. ఆ ఫైనల్ గురించి మాట్లాడేటప్పుడు గోల్స్ కన్నా ముందు ఆ హుక్‌నే తలుచుకునేవారు కోకొల్లలు. 2018 సెమీఫైనల్ చివరి నిమిషాల్లో స్కోర్లు సమంగా ఉన్నప్పుడు లిమరిక్ గోల్‌కీపర్ నికీ క్వెయిడ్, కార్క్ ఆటగాడు షేమస్ హార్నడీ కర్ర కొన నుంచి బంతిని తప్పించిన తీరూ అలాంటిదే. లిమరిక్ అదనపు సమయంలో గెలిచి, ఆపై 1973 తర్వాత తొలిసారి కిరీటం అందుకుంది. వారాంతపు కూలికి నాట్లు వేసినవారి పేర్లు పంట మీద రాసి ఉండవు, కానీ పొలం పక్క ఊరివాళ్లకు ఎవరు వేశారో తెలుసు. క్వెయిడ్ పనిని లిమరిక్ జనం అలాగే ఎరుగుదురు.

ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ఆట పునాది. 1884లో థర్ల్స్ పట్టణంలో పుట్టిన గేలిక్ క్రీడా సంఘం నేటికీ ఆటగాళ్లకు జీతం ఇవ్వదు. ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం నుంచి కొద్దిపాటి గ్రాంటు తప్ప మరేమీ లేదు. ఓడానెల్ సూక్ష్మజీవశాస్త్రంలో డాక్టరేట్ సాధించిన శాస్త్రవేత్త. సాధారణంగా ఆటగాడు తన ఊరి క్లబ్బుకూ తన కౌంటీకీ మాత్రమే ఆడతాడు. కనుక స్టాండ్‌లో కూర్చున్నవారిలో చాలామంది ఒకప్పుడు అదే గుంపులో భుజం పెట్టినవారు, లేదా వారి తల్లిదండ్రులు, బడి పంతుళ్లు. బంతి కోసం వంగినప్పుడు వేళ్ల మీద కర్ర పడితే ఎలా ఉంటుందో వారికి తెలుసు. వేలంలో పలికిన ధరే ఆటగాడి విలువగా చెలామణీ అవుతున్న ఐపీఎల్ కాలంలో ఉన్న మనకు ఇది వింతగా తోచవచ్చు. డబ్బు వస్తే ఆట మెరుగవుతుందని వాదించేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవడం లేదు. కొలవగలిగిన దానికే జీతం పెరుగుతుంది, పాయింటును కొలిచినంత సులువుగా పాయింటుకు దారి చేసిన పనిని కొలవలేరు. అలాంటి ఏర్పాటులో పందొమ్మిదేళ్లకే మూడు గోల్స్ కొట్టిన కుర్రాడిని పెనుగులాటలోకి వెళ్లమని ఏ ఏజెంటూ సలహా ఇవ్వడు.

అందుకే 2024 ఎంపిక ఒక్క ఏడాది మినహాయింపుగా మిగలకూడదు. ఓటు చేతిలో ఉన్న ఆటగాళ్లు తమ ముందు నిలిచిన డిఫెండర్లను, గోల్‌కీపర్లను కూడా తొలి వరుసలో పరిశీలించాలి. ప్రసార సంస్థలు విరామంలో గోల్స్‌తో పాటు హుక్‌లను, అడ్డుకున్న దెబ్బలను, బంతిని గెలిచి అందించిన క్షణాలను మళ్లీ చూపించాలి. ఆ క్షణాలకు క్రోక్ పార్క్ స్టాండ్‌లు ఇప్పటికే లేచి నిలబడుతున్నాయి.