లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం గారికి ఒక ప్లాటుదారుడి విన్నపం

అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము పుచ్చుకుని సక్రమం చేసే మహారాజశ్రీ ఎల్ఆర్ఎస్ గారి సముఖమునకు,

అయ్యా, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల, ఒకప్పుడు చెరువు కింద వానాకాలం, యాసంగి రెండు పంటలూ పండిన మడిలో ఇప్పుడు 200 గజాల ప్లాటుకు హక్కుదారునైన నేను, తమ ఘనతకు దక్కవలసిన కీర్తి దక్కలేదన్న బాధతో ఈ లేఖ రాసుకుంటున్నాను. సుస్థిర ప్రణాళిక గురించి సదస్సులు జరిగినప్పుడల్లా వేదిక మీద మాస్టర్ ప్లాన్ గారికే శాలువా కప్పుతారు. రంగురంగుల పటంలో పసుపుపచ్చ నివాసాలకనీ, ఆకుపచ్చ సాగుకనీ, నీలం నీళ్లకనీ ఆయన ముందుగా రాసిపెట్టిన మాట నిజమే గాని, ఆ పటం ఆరేలోగా ఊళ్లు ఎక్కడ లేవాలో అక్కడ లేచిపోతాయి, ఆ తరువాత తమరు వచ్చి వాటికి రసీదులు ఇస్తారు. పెళ్లయి పిల్లలు పుట్టాక జాతకాలు చూసి, దోషపరిహారానికి దక్షిణ పుచ్చుకుని వెళ్లే పురోహితుడిని ఎవరు కాదంటారు?

తమ వంశచరిత్ర కొంత తవ్వి తీశాను. 2007 డిసెంబర్ 31న, జనమంతా కొత్త సంవత్సరపు కేకుల కోసం బేకరీల ముందు నిలబడిన రోజున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవో 901గా అక్రమ భవనాలను జరిమానాతో సక్రమం చేసే తమ సోదరుడు బీపీఎస్ గారు, జీవో 902గా లేఅవుట్లకు తమరు వెలువడ్డారు. ఈ ఒక్కసారికే అన్నారు. 2014లో రాష్ట్రం విడిపోయి ఉద్యోగులను, అప్పులను, కృష్ణా నీళ్లను పంచుకోవడానికి కమిటీల మీద కమిటీలు కూర్చున్నా, తమరిని పంచుకోవలసిన అవసరం మాత్రం ఎవరికీ రాలేదు, ఎందుకంటే తమరు రెండు వైపులా నిండుగా వెలిశారు. తెలంగాణలో 2015 నవంబర్‌లో జీవో 151గానూ, 2020 ఆగస్టు 31న జీవో 131గానూ దర్శనమిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020 జనవరిలో కొత్తగా అవతరించారు. వచ్చిన ప్రతిసారీ ఇదే ఆఖరు అన్నారు. ఆఖరుకు ఇన్ని ఆవృత్తులు ఉండడం వల్లనే మావంటి వాళ్లం ధైర్యంగా బతుకుతున్నాం.

ఆ ధైర్యం ఎలా పనిచేస్తుందో తమరు సచివాలయంలో కూర్చుని చూసి ఉండరు కనుక మనవి చేస్తాను. మా వెంచర్ ముఖద్వారానికి సిమెంటు ఆర్చి, దాని మీద ఒక దేవుడి పేరు, పక్కన రెండు ఖర్జూరపు చెట్లు ఉంటాయి. లోపల ఎర్రమొరం పోసిన బాటలు, అటూ ఇటూ సున్నం పూసి నల్లరంగుతో అంకెలు రాసిన హద్దురాళ్లు, వాటి మధ్య పోయిన కారు వరికొయ్యలు ఇంకా గుచ్చుకుంటూనే ఉంటాయి. ఆదివారం కారులో తీసుకువచ్చి బిర్యానీ పెట్టే ఏజెంటు చేతిలోని రంగుల కాగితంలో ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలు, రాబోయే రింగురోడ్డు అయిదు నిమిషాలు. మురుగు ఎటు పోతుందో మాత్రం ఉండదు. అప్రూవల్ ఉందా అని అడిగితే, సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న నక్షా చూపిస్తాడు. లేఅవుట్ మంజూరు చేసే అధికారం పంచాయతీకి సొంతంగా లేదు కదా, రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీయో, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏయో సాంకేతికంగా ఆమోదించాలి కదా అని ఎవరైనా చదువుకున్నవాడు నసిగితే, అతను ఏమాత్రం తడబడకుండా, ‘ఎల్ఆర్ఎస్ ఎలాగూ వస్తుంది సార్’ అంటాడు. ఆ ఒక్క మాటతో బేరం కుదురుతుంది. రాష్ట్రంలో పుట్టబోయే ప్రతి అక్రమ లేఅవుట్‌కూ తమరు పుట్టకముందే పూచీ పడ్డారన్నమాట.

తమ నిబంధనలలో నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసినది పార్కు లెక్క. లేఅవుట్ వేసేవాడు పదోవంతు నేల ఉమ్మడి ఖాళీ స్థలంగా వదలాలి. పదెకరాల వెంచర్‌లో అది ఒక ఎకరం, అంటే 4,840 గజాలు. మా ఏజెంటు ఆ ఎకరాన్ని కూడా గజాల చొప్పున అమ్ముకుని వెళ్లిపోయాడు. అందుకు తమరు నిర్ణయించిన ప్రాయశ్చిత్తం ఏమిటంటే, కొన్న మేము ఒక్కొక్కరం మా ప్లాటు విలువలో 14 శాతం చెల్లించడం. మొదట అప్పటి మార్కెట్ విలువ మీద లెక్కగట్టి, గోల లేచాక రిజిస్ట్రేషన్ నాటి విలువకు దిగివచ్చారు. నా ప్లాటు రిజిస్ట్రేషన్ నాటి విలువ గజానికి 2,000 రూపాయలు అనుకుందాం. మొత్తం నాలుగు లక్షలకు 14 శాతం 56,000 అవుతుంది. ఈ రోజు అక్కడ గజం 20,000 పలుకుతోందనుకుంటే నా సొమ్ముకు మూడు గజాలైనా రావు, నా వంతుగా వదలవలసిన నేలేమో ఇరవై గజాలు. సరే, డబ్బుకు కొరత లేదనే అనుకున్నా, లేఅవుట్‌లో ఖాళీ ముక్క ఒక్కటీ లేనప్పుడు ఆ పార్కును ఎక్కడ పరుస్తారు? వసూలైన సొమ్మును ఆ ప్రాంతపు సదుపాయాలకే ఖర్చు చేయాలని తమ నియమాలే చెబుతున్నాయి కనుక, మా పిల్లలు ప్రస్తుతం ఆ ఖాతాలో ఆడుకుంటున్నారని సరిపెట్టుకుంటున్నాం.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోనివ్వండి, ఎందుకంటే పట్నం ప్రణాళికకూ పల్లె ప్రణాళికకూ మధ్య ముడి అక్కడే ఉంది. ఈ నేల మీద చెరువులు విడివిడిగా ఉండవు. పై చెరువు అలుగు దూకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా కట్టారు. మా వెంచర్ నడిమధ్య నుంచి వెళ్లే పంటకాలువ ఒకప్పుడు మనిషి దూకి దాటవలసినంత వెడల్పు ఉండేది. దానిలో రెండడుగుల సిమెంటు గొట్టం వేసి, పైన మొరం పోసి, ‘ముప్పై అడుగుల రోడ్డు’ అని బోర్డు పెట్టారు. నాలా వెడల్పును బట్టి ఇరువైపులా రెండు మీటర్లో తొమ్మిది మీటర్లో, పది హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ ముప్పై మీటర్లో బఫర్‌గా ఖాళీ నేల వదలాలని రాసిన కాగితానికి ఆ గొట్టం నోరు కనబడదు. ఆయకట్టు ప్లాట్లయిపోతే తూము ఎత్తమని అడిగే రైతు ఉండడు. నీళ్లు వంతుల వారీగా పారించే నీరటికి పని ఉండదు. ఏటా కాలువ పూడిక తీసే చేతులు ఉండవు. చెరువు నిండాలని కోరుకునే ఊరు పోయి, నిండితే నేలమాళిగలోకి వస్తుందని హడలిపోయే కాలనీ దాని స్థానంలో చేరుతుంది. అప్పుడు రాత్రికి రాత్రి అలుగును తెగగొట్టి నీటిమట్టం తగ్గించేవాళ్లు కూడా తయారవుతారు. చెరువు లోపల ఒక్క అంగుళం కూడా ఆక్రమించకుండానే చెరువును చంపవచ్చునని మేము కనిపెట్టాం.

చెరువు శిఖంలో, అంటే చెరువు గర్భంలో, నిండినప్పుడు నీరు నిలిచే హద్దు అయిన ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాట్లను తమరు ఒప్పుకోరన్న సంగతి నేను దాచను. అయితే హెచ్ఎండీఏ పరిధిలో మూడు వేలకు పైగా చెరువులు ఉన్నాయి. వాటి హద్దులు తేల్చడానికి 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ ఏర్పడినా, చాలావాటి తుది నోటిఫికేషన్ ఏళ్ల తరబడి నడుస్తూనే వచ్చింది. నా ప్లాటు ఎవరు ఎవరికి ఏ తేదీన ఎన్ని గజాలు అమ్మారో లింకు డాక్యుమెంట్లతో సహా తమ దగ్గర ఉంటుంది. చెరువు ఎంతవరకు చెరువో మాత్రం ఇంకా సర్వేలో ఉంటుంది.

2020లో జరిగినది తమకు గుర్తుండే ఉంటుంది. వెయ్యి రూపాయల రుసుముతో దరఖాస్తులు తీసుకుని, గడువు అక్టోబర్ 15 అన్నారు. 13వ తేదీ రాత్రి వాన కురిసింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్లకు మించి పడింది, పాతబస్తీ వైపు పల్లె చెరువు కట్ట తెగింది, కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్టా తెగింది, కాలనీలకు కాలనీలు మొదటి అంతస్తు దాకా మునిగాయి. నీళ్లు తమ పాత దారులన్నిటినీ ఒక్కొక్కటిగా గుర్తుపట్టి నడుస్తున్న ఆ రోజుల్లోనే తమ గడువు నెలాఖరుకు పెరిగింది. అంతా ముగిసేసరికి చేరిన దరఖాస్తులు పాతిక లక్షలకు పైమాటే. దేశంలో ఇంత పెద్ద భూవినియోగ సర్వే ఇంకెక్కడైనా స్వచ్ఛందంగా, సొంత ఖర్చులతో జరిగిందా? ఎవరు ఎక్కడ ప్రణాళికను దాటారో పాతిక లక్షల మంది స్వహస్తాలతో రాసిచ్చారు. దానిని ఒక పటం మీద పరిచి చూస్తే రాబోయే ముంపులు ఎక్కడెక్కడో కనబడేవేమో. దరఖాస్తులు మాత్రం ఏళ్ల పాటు కట్టలు విప్పకుండా భద్రంగా ఉన్నాయి. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్లీ కదిలించారు.

తమకన్నా పెద్దల ప్రస్తావన కూడా ఒకటి చేయాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి నీరు దిగే 84 గ్రామాలలో నిర్మాణాలకు హద్దులు గీస్తూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఇల్లు లేవకముందే నీటి దారిని ఆలోచించిన బహు కొద్ది కాగితాలలో అది ఒకటి, అందుకే అందరికీ కంటగింపు అయింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తివేసింది. నగరం తాగే నీటిలో ఆ రెండు జలాశయాల వాటా ఇప్పుడు నామమాత్రమేనని వాదన. నిజమే, కృష్ణా గోదావరులు వంద కిలోమీటర్లకు పైబడిన గొట్టాల్లో వస్తున్నాయి. అయితే ఆ జలాశయాలు కట్టినది వరద ఆపడానికి కూడా అన్న ముక్క, వాన లేని రోజున జీవో రాసేవారికి స్ఫురించకపోవడం సహజం. తమరు ప్లాటు ప్లాటుకూ ఇచ్చే క్షమాభిక్షను ఆ జీవో 69 గారు ఒక్క కలంపోటుతో 84 ఊళ్లకు ఇచ్చారు, అందువల్ల కొంత అసూయ తమకు కలిగి ఉండవచ్చు.

అయినా తమరినొక్కరినే పొగిడితే మాస్టర్ ప్లాన్ గారికి అన్యాయం చేసినట్లవుతుంది. ఆరువేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ నేలకు 2013లో నోటిఫై అయిన ఆయన 2031 దాకా మాకు దారి చూపాలి. ఆయన పటంలో వంద అడుగుల రోడ్లు, వినోద మండలాలు పుష్కలంగా ఉన్నాయి గాని, నెలకు పాతికవేలు తెచ్చే ఆటో డ్రైవరు, మేస్త్రీ, ప్రైవేటు టీచరు సక్రమంగా కొనుక్కోగల వంద గజాలు ఎక్కడో వెతికితే దొరకదు. దొరకని చోటును మా ఏజెంటు వాయిదాల మీద అమ్మాడు. కొన్నవాళ్లలో సగానికి సగం మంది కూతురి పెళ్లికని దాచిన డబ్బు పోసినవాళ్లే. వాళ్లకు తమ రసీదు బ్యాంకు రుణానికి, ఇంటి పర్మిషన్‌కు ప్రాణాధారం, ఆ మాట నేను వెటకారంగా అనడం లేదు. వెంచర్ వేసినవాడు మాత్రం తమ క్యూలో ఏనాడూ కనబడలేదు. రాజమార్గంలో అప్రూవ్డ్ లేఅవుట్‌లో ఎక్కువ ధర పెట్టి కొన్న మా బావమరిది, పార్కుకూ రోడ్లకూ ముందే డబ్బు కట్టి, ఇప్పుడు నన్ను చూసినప్పుడల్లా తల పట్టుకుంటాడు.

ఇక అసలు మనవి. లేఅవుట్‌లో పది శాతం ప్లాట్లు కటాఫ్ తేదీకి ముందు రిజిస్టరయితే చాలునని 2020లో తమరు పెట్టిన షరతును, మిగతా తొంభై శాతానికీ 2025లో తలుపు తీసిన ఔదార్యాన్ని మా వైపు అందరూ కంఠస్థం చేశారు. మా పక్క సర్వే నంబరులో ఏజెంటు గట్ల మీద అప్పుడే సున్నం గీతలు గీయించాడు. పదోవంతు దస్తావేజులు ముగించడానికి తనకు ఎన్ని నెలలు ఉన్నాయో తెలుసుకోవాలనుకుంటున్నాడు, కనుక తమ తదుపరి ఆఖరుసారి ఎప్పుడో దయచేసి ముందుగా తెలియజేయగలరు. ఆ మడిలో యాసంగి నాట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. కోత దాకా ఆగవచ్చునా, ఇప్పుడే బుల్డోజరు పెట్టించాలా అని రైతు కూడా అడిగి చెప్పమన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్లాటు నంబరు చెరిగిపోయిన హద్దురాయి పక్క ప్లాటువాడు